తేలే రేవు

2025 జనవరిలో మేము కుటుంబంగా కొచ్చి వెళ్ళాము. మా పెద్దమ్మాయి ఎర్నాకుళంలో నర్సింగు చదువుతున్నది. మనవరాలిని చూడాలని మా అమ్మగారు పట్టుబట్టినందున ఆమెను కూడా వెంటబెట్టుకొని వెళ్ళాము.

రెండవ రోజు ఉదయం అమ్మాయి, “పడవమీద ఫోర్ట్ కొచ్చి వెళ్దాం, అక్కడే భోజనం చేద్దాం” అన్నది. పిల్లలు సంతోషంతో గంతులు వేశారు. అమ్మ మాత్రం చీర చెంగు సరిచేసుకొని ఊరకున్నది.

ఆ మౌనం మాకు కొత్త కాదు. మా అమ్మగారిది దివిసీమ. అయినా ఆమె పడవ ఎక్కదు, చేప ముట్టదు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో ఆమె తమ్ముడు పోయాడని మాకు తెలుసు. తెలిసి కూడా, “దివిసీమలో పుట్టి చేప తినని మనిషివి నువ్వొక్కదానివే అమ్మా” అని ఎన్నోసార్లు నవ్వాము. అంతేకాదు, భయము అవిశ్వాసమునకు గుర్తు అని మేము ప్రసంగించిన ఆదివారములు ఎన్నో ఉన్నవి. ఆ ఆదివారములలో అమ్మ ముందు చాపమీదే కూర్చొని ఉండేది.

హైకోర్టు దగ్గరనున్న వాటర్ మెట్రో స్టేషనుకు వెళ్ళాము. ఈ పడవలు 2023 ఏప్రిల్‌లో ప్రారంభమయ్యాయి. బ్యాటరీతో నడుస్తాయి కనుక పొగ లేదు, పెద్ద శబ్దం లేదు. వందమంది పట్టే పడవ. అప్పుడు టిక్కెట్టు 40 రూపాయలు. లోపలికి వెళ్ళేవారిని లెక్కపెట్టి పంపుతారు. 2019 సెప్టెంబరులో మన గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగిన ప్రమాదం మనసులో ఉన్న మాకు, ఆ లెక్క చూడగానే కొంత ధైర్యం కలిగింది.

అయినా అమ్మ రేవు దగ్గర ఆగిపోయింది. మేము, “ఏమీ కాదమ్మా, రా” అని చెయ్యి పట్టి లాగబోయాము. అమ్మాయి మమ్మును వారించి, “నాయనమ్మా, నీకిష్టం లేకపోతే బస్సులో వెళ్దాం. వంతెన ఉంది. తొందరేమీ లేదు” అని ఆమె పక్కనే బల్లమీద కూర్చున్నది. ఒక పడవ వెళ్ళిపోయింది. రెండవది కూడా వెళ్ళిపోయింది. ఈలోగా అమ్మాయి ఆ రేవు సంగతి చెప్పింది. అది నేలకు పాతిన రాతి గట్టు కాదు, నీటిమీద తేలే గట్టు. ఆటుకు దిగుతుంది, పోటుకు లేస్తుంది. అందువలన నీరు ఎంత పెరిగినా తగ్గినా గట్టూ పడవా ఎప్పుడూ ఒకే మట్టంలో ఉంటాయి. ముసలివారు, చక్రాల కుర్చీవారు కూడా కాలు ఎత్తకుండా లోపలికి వెళ్ళగలరు.

మూడవ పడవ వచ్చినప్పుడు అమ్మ తానే లేచింది. అడుగు పెట్టి, “గుమ్మం దాటినట్టే ఉందే!” అన్నది.

ఇరవై నిమిషాల ప్రయాణం. కుడివైపున వల్లార్‌పాడం ఓడరేవులో ఆకాశమంత ఎత్తున క్రేనులు కనబడ్డాయి. ఎడమవైపున విల్లింగ్‌డన్ దీవి ఉన్నది. ఓడల కొరకు కాలువ లోతు చేసినప్పుడు తవ్విన మట్టితోనే ఆ దీవిని పోశారు. అమ్మ కిటికీలోనుండి నీళ్ళను చూస్తూ మనవరాలి చెయ్యి వదలలేదు. ఆమెకు ఆదరణ కలిగించాలని మేము ఒక చరిత్ర చెప్పాము. 1341లో పెరియార్ నదికి మహా వరద వచ్చి ప్రాచీనమైన ముజిరిస్ రేవు పూడిపోయిందనీ, ఆ వరదే ఇక్కడ సముద్రపు మొగను తెరచినందున కొచ్చి రేవు ఏర్పడిందనీ చరిత్రకారులు అంటారు. “చూశావా అమ్మా, ఒక తలుపు మూసిన నీరే ఇంకొక తలుపు తెరిచింది” అన్నాము.

అమ్మ మా ముఖంలోకి చూసి, “మరి ఆ పాత ఊరివాళ్ళ సంగతేమిటి నాయనా?” అని అడిగింది.

ఇరవై ఏళ్ళు వాక్యం చెప్పిన నోటికి జవాబు రాలేదు.

ఒడ్డుకు దిగి చీనా వలల దగ్గర కాసేపు నిలిచాము. పెద్ద దుంగలకు కట్టిన వల నీటిలోకి దిగుతుంది. కొన్ని నిమిషాల తరువాత నలుగురైదుగురు కలిసి తాళ్ళు లాగితే, బరువుకు కట్టిన రాళ్ళు కిందికి వచ్చి వల పైకి లేస్తుంది. 1503లో పోర్చుగీసువారు స్థాపించిన సెయింట్ ఫ్రాన్సిస్ దేవాలయం చూపించాలని మా ఆశ. కాని అమ్మ, “ముందు అన్నం, తరువాత గుడి” అన్నది. అందరము నవ్వాము.

సందులో ఒక చిన్న భోజనశాల. ఎర్రని లావు బియ్యపు అన్నం, కొబ్బరి వేసిన కూరలు, కుడంపులి వేసిన చేపల పులుసు, అరటాకులో చుట్టి పెనముమీద కాల్చిన కరిమీన్ తెచ్చారు. మా శ్రీమతి అలవాటు చొప్పున, “అత్తయ్యగారికి పప్పు, కూరలు” అని చెప్పబోయింది. ఇంతలో అమ్మ మనవరాలిని, “ఇది ఎక్కడి చేప?” అని అడిగింది. ఉప్పునీరూ మంచినీరూ కలిసేచోట పెరిగేదని అమ్మాయి చెప్పింది. “మా హంసలదీవి వైపూ అంతే. కృష్ణ వచ్చి సముద్రంలో కలుస్తుంది” అని, చిన్న ముక్క తుంచి నోట పెట్టుకొన్నది. నలభై ఏడేళ్ళ తరువాత!

పులుసు రుచి చూసి, “పులుపు మన చింతపండుది కాదు. వాడికి పులుపంటే ప్రాణం” అన్నది.

అప్పుడు చెప్పింది. వాడికి పదకొండేళ్ళు. చీకట్లో నీరు ఇంటిమీదికి వచ్చినప్పుడు ఒక చేత్తో తుమ్మకొమ్మ, ఇంకొక చేత్తో వాడి చెయ్యి పట్టుకొన్నది. తెల్లవారేసరికి కొమ్మ మాత్రమే ఉన్నది. “నేను వదిలానో, నీరే లాగిందో ఈనాటికీ తెలియదు. ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు” అన్నది. తమ్ముని పేరు కూడా ఆ రోజే మేము మొదటిసారి విన్నాము. ఆ పేరు మా యింట భద్రంగా ఉన్నది.

తిబెరియ సముద్రతీరమున నిప్పులమీద చేపలు కాల్చి అలసిన శిష్యులను పిలిచిన ప్రభువు, పేతురుతో ఆ కష్టమైన మాట ఎత్తినది భోజనమైన తరువాతనే. ఆ భాగమును మేము ఎన్నోసార్లు బోధించాము. దాని అర్థం ఆ సందులోని బల్లవద్ద మాకు తెలిసింది.

ప్రియులారా, దుఃఖములో ఉన్నవారికి మనము తరచుగా రాతిమెట్టువలె ఉంటాము. ఎత్తున నిలిచి, ఎక్కి రమ్మంటాము. మా అమ్మాయి ఆ రోజు తేలే గట్టువలె ఉన్నది. నాయనమ్మ ఎంత దిగితే అంత దిగి, రెండు పడవలు పోనిచ్చి కూర్చున్నది. మీ యింటిలో కూడా ఏదో ఒకటి ముట్టని పెద్దవారు, ఏదో ఒక దారిన నడవనివారు ఉండవచ్చును. నవ్వకండి. బోధించకండి. పక్కన కూర్చొని, అన్నం పెట్టి, అడగండి.

తిరుగు ప్రయాణంలో అమ్మ కిటికీ పక్కనే కూర్చున్నది. “రేపు కూడా పడవ ఉంటుందా?” అని మనవరాలిని అడిగింది.