లండన్ వాటాలు, మన పట్టాలు

సికింద్రాబాద్

ప్రియమైన శేషగిరీ,

మన రైలు మొదట్నుంచీ నిజాందేనా అని అడిగావు కదా. ఫోన్లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను.

మొదట్లో డబ్బు నిజాం ఖజానాదే. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్ దాకా 1874లో బండి నడిచింది. బొంబాయి–మద్రాసు లైనుతో మనల్ని కలిపింది అదే. దాన్ని ఇంకా పొడిగించాలని 1883లో లండన్ మదుపుదార్లతో ఒప్పందం కుదిరి, నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ పుట్టింది. లైను మీద లాభం వచ్చినా రాకపోయినా, పెట్టుబడికి ఏటా నూటికి 5 చొప్పున 20 ఏళ్లు వడ్డీ దక్కేలా నిజాం సర్కారు పూచీ పడింది. సర్కారు రాబడిలో పెద్ద భాగం శిస్తు. అంటే ఆ పూచీ భారం చివరికి రైతు మీదే.

అప్పుడే కొందరు గొంతెత్తారు. ఈ పొడిగింపులోని చాందా రైలు పథకం షరతులేమిటో ప్రజలకు చెప్పమన్నారు. వారిలో సరోజినీ నాయుడి తండ్రి అఘోరనాథ్ చట్టోపాధ్యాయ ఒకరు. అడిగినందుకు ఆయన్ని రాజ్యం నుంచి వెళ్లగొట్టారు! చదివినప్పుడల్లా నాకు రక్తం మరుగుతుంది. చాందా వైపు కాజీపేట–బల్హార్షా లైను పూర్తయ్యేసరికి 1929 వచ్చింది.

కంపెనీ పని చేయలేదని అనను. పట్టాలు వరంగల్ దాటి డోర్నకల్‌కి, అక్కడి నుంచి సింగరేణి బొగ్గు కోసం ఇల్లెందుకి వెళ్లాయి. 1889 నాటికి బెజవాడ చేరాయి. మన్మాడ్ వైపు మీటర్ గేజ్ నడిపిన హైదరాబాద్–గోదావరి వ్యాలీ రైల్వే కూడా దీని చేతి కిందే ఉండేది.

1930 ఏప్రిల్ 1న సర్కారు కంపెనీని కొనేసింది. రెండేళ్లకే రైల్వే శాఖ 27 బస్సులు దింపింది. మన ఆర్టీసీకి మూలం అదే. మన రైల్వే 1951లో సెంట్రల్ రైల్వేలో కలిసింది, 1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది.

సికింద్రాబాద్ స్టేషన్లో అఘోరనాథ్ పేరుతో ఒక ఫలకమైనా ఉండాలని నా గట్టి కోరిక. మీ తాతగారు లాలాగూడ వర్క్‌షాప్‌లో పనిచేసినప్పటి కాగితాలు ఇంట్లో ఉంటే దయచేసి పారెయ్యకు. నకళ్లు తీయించి పంపు.

ఇట్లు,
నీ మిత్రుడు
వెంకటరమణ