బిలాస్‌పూర్ నుండి కళింగపట్నానికి

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో అనేకులకు మూలాలు శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలలో ఉన్నాయి. స్వస్థలం చూడాలన్న కోరిక కలిగినప్పుడల్లా వారికి ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: ఏ దారిన వెళ్ళాలి?

వంశధార సాగరంలో కలిసే చోట వెలసిన కళింగపట్నాన్నే తీసుకుందాం. ఒకప్పుడు అది ఓడలు ఆగిన రేవు. దీపస్తంభం నేటికీ నిలిచి ఉన్నది. రైలు మార్గం మాత్రం అక్కడికి లేదు.

1931లో బెంగాల్ నాగపూర్ రైల్వే పార్వతీపురం–రాయపూర్ మార్గాన్ని పూర్తి చేసే వరకు మనవారు ఖరగ్‌పూర్ మీదుగా చుట్టి రావలసి వచ్చేది. ఇప్పుడు కోర్బా–విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్‌ను సాయంత్రం బిలాస్‌పూర్‌లో ఎక్కితే, టిట్లాగఢ్, రాయగడ దాటి మరునాటి ఉదయం విజయనగరంలో దిగవచ్చును. అక్కడ బండి మారి ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్డు స్టేషను చేరి, శ్రీకాకుళం పట్టణం నుండి సుమారు 30 కిలోమీటర్లు బస్సులో వెళ్ళాలి.

2024 సెప్టెంబరులో ప్రారంభమైన దుర్గ్–విశాఖపట్నం వందే భారత్ వేగవంతమైనదే. కాని అది బిలాస్‌పూర్‌కు రాదు. తెల్లవారుజామున రాయపూర్‌లో దానిని అందుకోవాలంటే ముందు రాత్రే ఇల్లు విడవాలి. యువకులకు ఇది కష్టం కాదు. వృద్ధులైన తల్లిదండ్రులు వెంట ఉన్నప్పుడు మాత్రం, బండిలో ఆదా అయిన గంటలు ప్లాట్‌ఫారం మీది జాగరణకే సరిపోతాయి.

నాలుగు రోజుల సెలవులో పెద్దలకు పుట్టిన తీరాన్ని మరొకసారి చూపించాలన్నదే సంకల్పమైతే, వారు అలసిపోకుండా చేర్చే దారే దగ్గరి దారి.