గిన్నెలు సింకులోనే ఉన్నాయి

అంట్లు తోముతూ ఏదో ఒకటి మోగుతుండాలని ఫోన్లో పాటలు పెట్టా.
ఒకావిడ గొంతెత్తింది.
చేతిలో మూకుడు చేతిలోనే ఉండిపోయింది.

అరీతా ఫ్రాంక్లిన్, 1967 ఆల్బమ్. 'ఐ నెవర్ లవ్డ్ ఎ మ్యాన్ ద వే ఐ లవ్ యూ'. (పేరే సగం పాటంత ఉంది!)

అందులో 'రెస్పెక్ట్' ఒక్కటే ఇదివరకు విన్నది. దాన్ని ముందు ఓటిస్ రెడింగ్ రాసి పాడాడట, 1965లో. ఆయన పాటలో ఇంటికొచ్చిన మగాడు అడిగే మర్యాద అది. ఈవిడ నోట ఆడమనిషి నిలదీసి అడిగేదైపోయింది!

అప్పటికి ఆవిడకి పాతికేళ్లు నిండలేదు.
పియానో కూడా తనే.

ఇంగ్లీషు మాటలు సగం అందలేదు నాకు. అయినా ఆ గొంతు... చర్చిలో పాడుతూ పెరిగిన గొంతు కదా, బతిమాలినా గద్దించినట్టే ఉంది.

మూడోసారి వింటున్నా.

మీకిలా ఆలస్యంగా దొరికిన గొంతు ఎవరిది? చెప్పండి, రేపటి అంట్లకి కావాలి.