తోకలేని పిట్టకి గూడు

ఈ రోజుల్లో వుత్తరాలు రాసేవాళ్ళే లేరని అందరం నిట్టూరుస్తూ వుంటాం గానీ, ఆఫీసుల్లో పనిచేసే ఆడవాళ్ళని అడగండి, చెప్తారు. పొద్దున్నే వచ్చి కంప్యూటరు తెరిచేసరికి ముప్ఫయ్యో నలభయ్యో వుత్తరాలు మన కోసం కాచుకుని కూర్చుంటాయి. వాటిలో సగం పక్క బల్ల వాళ్ళు రాసినవే!

నవ్వకండి. మాది విజయవాడ గవర్నరుపేటలో ఓ ఆడిటరుగారి ఆఫీసు. తొమ్మిదిమందిమి, ఒకటే హాలు. నేను తుమ్మితే చివరి బల్ల దగ్గర అమ్మాయి 'చిరంజీవ' అంటుంది. అయినా ఒక బ్యాంకు స్టేట్‌మెంటు నా దగ్గర్నించి ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళాలంటే, ముందు తీగ వెంట వూరు దాటి, ఎక్కడో ఎవరివో పెద్ద పెద్ద యంత్రాల్లోకి వెళ్ళి, అక్కణ్ణించి మళ్ళీ మా హాల్లోకే రావాలి. పక్కింటికి గిన్నెడు పప్పు పంపడానికి హైదరాబాదు బస్సెక్కించినట్టు!

పైగా ఆ కాయితం దారిలో వూరుతుంది కూడానూ. మెయిలు పుట్టిందే వుత్త అక్షరాల కోసం. అందుకని స్కాన్లనీ ఫోటోలనీ కూడా అక్షరాల వేషం వేసి పంపాల్సిందే. ఆ వేషంలో ఇంచుమించు మూడోవంతు బరువు పెరుగుతుంది. మనం 20 ఎంబీలే కదా అనుకున్నది 27 అయి కూర్చుంటుంది. జీమెయిలు వాళ్ళేమో 25 దాటితే గడప ఎక్కనివ్వరు. శనగలు నానబోసేటప్పుడు గిన్నె పెద్దది చూసుకోవాలని మనకి ఒకరు చెప్పాలా? మా కుర్ర గుమాస్తాలకి మాత్రం ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు.

నెలనెలా 20వ తారీకున జీఎస్టీ రిటర్నుల గడువు. సరిగ్గా ఆ ముందురోజే నెట్టు పోతుంది. ఎక్కడో రోడ్డు తవ్వుతారు, మా తీగ తెగుతుంది. అందరం పెన్‌డ్రైవులు పట్టుకుని మ్యూజికల్ చెయిర్స్ ఆడినట్టు ఆ బల్లకీ ఈ బల్లకీ తిరగడం. అలాంటి ఓ సాయంత్రం ఆడిటరుగారు విసిగిపోయి, "మన హాల్లోనే మనకో పోస్టాఫీసు పెట్టుకోలేమా అమ్మా?" అన్నారు. చూసింది నా వైపే. లెక్కలతో పాటు కంప్యూటర్ల వైద్యం కూడా ఎప్పుడో నా మెడకి చుట్టుకుంది మరి.

పెట్టుకోవచ్చు. ఖర్చు కూడా పెద్దగా లేదు. మూలన పడేసిన పాత కంప్యూటరు ఒకటి తుడిచి తీశాం. కొత్తగా కొన్నది డిస్కులూ, చిన్న యూపీఎస్సూ. లోపల వేసిన సరుకంతా వూరికే దొరికేదే. డెబియన్ అని ఒకటుంది. 1993లో ఇయాన్ మర్డాక్ అనే కుర్రాడు మొదలుపెట్టి, తను మనసిచ్చిన డెబ్రా పేరునీ తన పేరునీ కలిపి ఆ పేరు పెట్టాడట. శుభలేఖలు వేయించుకునేవాళ్ళని చూశాం గానీ, ఇలాంటి ముచ్చట ఎక్కడన్నా విన్నారా!

దాని మీద పోస్ట్‌ఫిక్స్. ఇది వీట్సె వెనెమా అనే డచ్చాయన ఐబీఎమ్‌లో వుండగా రాసి 1998లో లోకానికి ఇచ్చింది. నాకు ఇందులో నచ్చింది పని పంచుకునే తీరు. వుత్తరం అందుకునేది ఒకటి, వరసలో పెట్టేది ఒకటి, బయటికి మోసేది మరొకటి. ఎవరి పని వాళ్ళదే, ఒకరి గదిలోకి ఒకరు తొంగిచూడరు. మా ఆఫీసులో మనుషులకి కూడా ఈ పద్ధతి నేర్పిస్తే బావుండుననిపించింది. అవతలివైపు ఇబ్బందొచ్చి వుత్తరం వెళ్ళకపోతే చిన్నబుచ్చుకోకుండా 5 రోజులపాటు మళ్ళీ మళ్ళీ వెళ్ళి తలుపు తడుతుంది. ఆ తర్వాతే 'ఇహ నా వల్ల కాలేద'ని తిరుగుటపాలో చెప్తుంది.

చేరిన వుత్తరాల్ని ఎవరి పెట్టెలోవి వాళ్ళకి చూపించేది డవ్‌కాట్. అంటే పావురాల గూడు. చిన్నప్పుడు తోకలేని పిట్ట పొడుపుకథ విప్పినవాళ్ళకి ఈ పేరు వినగానే ప్రాణం లేచొస్తుంది. పేరు పెట్టినాయనది ఫిన్లాండు. ఈ గూట్లో ఒక్కొక్కరికీ మూడేసి గదులు. వస్తూ వున్న వుత్తరం మొదటి గదిలో వుంటుంది. పూర్తిగా వచ్చాకే రెండో గదిలోకి జరుగుతుంది, మనం పెట్టె తెరిచాక మూడోదాంట్లోకి. కరెంటు మధ్యలో పోయినా సగం వుత్తరం మన కంటపడదు. వుడకని అన్నం వడ్డన దాకా రాకపోవడమన్నమాట.

బయటి వూళ్ళకి వెళ్ళే వుత్తరాలు మాత్రం మేం సొంతంగా పంపడంలేదు. మెయిలు పెద్దసంస్థలకి ముక్కూమొహం తెలియని ఇంటి నించి వచ్చిన వుత్తరమంటే మహా అనుమానం. నువ్వు నువ్వేనని రుజువులు చూపించమంటారు. గూగులూ యాహూ 2024 ఫిబ్రవరి నించి ఈ పట్టు మరీ బిగించాయి. అంచేత మేము డబ్బు కట్టే మెయిలు కంపెనీ చేతికిచ్చి వాళ్ళ ద్వారానే పంపిస్తాం. బయట్నించి వచ్చేవి వాళ్ళ దగ్గర దిగుతాయి, మా యంత్రం 5 నిమిషాలకోసారి వెళ్ళి తెచ్చుకుంటుంది. హాల్లోవి హాల్లోనే తిరుగుతాయి. మొన్న నెట్టు రోజంతా లేకపోయినా 'టీ వచ్చింది' అని తొమ్మిదిమందికీ వుత్తరం అందింది!

అసలు తంటా ఇక్కణ్ణించే.

ఆ యంత్రంలో వుత్తరాలు బీరువాలో చీరల్లా వుంటాయి. తాళంచెవి వున్న మనిషి ఏ మడతైనా విప్పుకోవచ్చు. వెనకటి పల్లెటూళ్ళో పోస్టుకార్డు ఇంటికి చేరకముందే పోస్టుమాస్టరుకి సంగతి తెలిసినట్టే. పెద్ద కంపెనీల దగ్గరా ఎవరి చేతిలోనో తాళాలుంటాయి కదా అంటారేమో. వుంటాయి. కానీ ఆ మనిషికి నేనెవరో తెలీదు. ఇక్కడ తాళాలు నా దగ్గర. మధ్యాహ్నం వాళ్ళతో కలిసి కేరేజీ విప్పేదీ నేనే.

పెట్టిన నెలకి ఆడిటరుగారు నన్ను గదిలోకి పిలిచారు. ఎవరో క్లయింటు అంకెలు బయటికి పొక్కాయి. "అందరి వుత్తరాలకీ ఒక్కో నకలు నాకొచ్చేట్టు పెట్టమ్మా. వాళ్ళకి చెప్పక్కర్లేదు" అన్నారు. పెట్టడానికి నిమిషం పట్టదు, పోస్ట్‌ఫిక్స్‌లో ఒక్క వరస చేరిస్తే సరి. ఆయన భయమూ అబద్ధం కాదు. నలుగురి గుట్టూ తన దగ్గర పెట్టుకున్న మనిషి. కానీ చివరి బల్ల అమ్మాయి ఇంట్లో పోరు పడలేక హాస్టలు వెతుక్కుంటోందని నాకు అన్నాల దగ్గర చెప్పింది. ఆ వుత్తరాలొచ్చేది ఈ పెట్టెకే. హెడ్ గుమాస్తాగారి భార్య పరీక్షల రిపోర్టులూ ఇక్కడికే.

"పెడతాను సార్. పెట్టేముందు ఆ సంగతి కాయితం మీద రాసి గోడకి అంటిస్తాను" అన్నాను.

జీతమిచ్చే మనిషితో ఆ మాట అన్నాక రెండురోజులు నాకు ముద్ద దిగలేదు. ఆయనా మాట్లాడలేదు. మూడోరోజున పిలిచి, "మరింకేం చెయ్యొచ్చో చెప్పు" అన్నారు. అప్పుడు తేల్చుకున్నాం. క్లయింట్ల పనంతా మనుషుల పేర్లమీద కాకుండా పనుల పేర్లమీద పెట్టిన పెట్టెల్లో నడుస్తుంది. రిటర్నులకొకటి, ఆడిట్లకొకటి. అవి ఆయనా చూస్తారు. ఎవరి సొంత పెట్టెనైనా తెరవాల్సి వస్తే ఆ మనిషి ఎదురుగానే. యంత్రం పాస్‌వర్డు నకలు కవర్లో పెట్టి అంటించి, అతుకు మీద ఇద్దరం సంతకాలు చేసి ఆయన బీరువాలో పెట్టాం. ఇదంతా తెలుగులో రాసి గోడకి అంటించాను. అన్నట్టు, ఆ అంకెలు ఎలా పొక్కాయో ఇప్పటికీ తేలలేదు.

చివరి బల్ల అమ్మాయి ఆ కాయితం చదివి నా దగ్గరికొచ్చింది.

"ఆంటీ, మీరు మావన్నీ చూడగలరా?"

"చూడగలను."

"చూశారా?"

"లేదు."

నమ్మిందో లేదో. ఆ పూట తన గోంగూర పచ్చడి నా వైపు జరపలేదు. మర్నాడు జరిపింది.

హెడ్ గుమాస్తాగారు మొన్న మార్చిలో రిటైరయ్యారు. ఆయన పెట్టె మూసేద్దామని చూస్తే తెరవని వుత్తరాలు పదకొండున్నాయి. ఎన్ని వున్నాయో తాళంచెవి వాళ్ళకి వూరికే కనబడుతుంది. ఏమున్నాయో తెరిస్తేనే. ఫోను చేసి చెప్పాను. శనివారం సాయంత్రం గొడుగేసుకుని వచ్చారు. తన పాత కుర్చీలోనే కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుని, ఒక్కొక్కటే తెరవడం మొదలుపెట్టారు. నేను టీ పెట్టించే వంకన హాలు బయటికొచ్చి తలుపు దగ్గరగా వేశాను.