ఎడమ కిటికీ, కుడి కిటికీ

సికింద్రాబాద్ నుంచి హౌరా వెళ్లే ఫలక్‌నుమా ఎక్కేవాళ్లు బెర్తు కిందదా పైదా అని చూసుకుంటారు. నేను ఎండ ఎటుందో చూసుకుంటాను. పదిహేను వందల కిలోమీటర్లు దాటిన దారి, ఇంచుమించు 26 గంటలు. ఏ కిటికీకి ఏ నది దక్కుతుందో టికెట్ మీద రాసి ఉండదు.

బెర్తు నంబరును బట్టి కుడిఎడమలు చెప్పలేం. బోగీని ఎటు తిప్పి తగిలించారన్నదాన్ని బట్టి ఏడో నంబరు ఒకరోజు కుడివైపు వస్తుంది, ఇంకోరోజు ఎడమవైపు. అయినా నా ఓటు సైడ్ లోయర్‌కే. ఏడు, పదిహేను, ఇరవై మూడు, అలా. నెత్తిమీద మిడిల్ బెర్తు ఉండదు కదా! ఎదురు వరసలో రాత్రి పదికి మిడిల్ బెర్తు వేశారంటే పొద్దున ఆరుదాకా నడుం నిటారుగా పెట్టి కూర్చోలేం. ఆరు కొట్టినా పైనాయన లేస్తాడన్న నమ్మకం లేదు. పొడుగువాళ్లకు సైడ్ లోయర్ ఇరుకే, ఆర్‌ఏసీ పడితే అందులోనూ సగమే. ఏసీ సంగతి ఎత్తను. ఆ రంగుటద్దంలోంచి ఏ ఊరు చూసినా మునిమాపులాగే ఉంటుంది. స్లీపర్‌లో గాలితో పాటు దుమ్మూ వస్తుంది, ఊచలు పట్టుకున్న చేతికి ఇనుము వాసన అంటుకుంటుంది. అదే బాగుంటుంది.

బీబీనగర్ దగ్గర కాజీపేట లైను వదిలేసి బండి నల్లగొండ దారి పడుతుంది. పడమటి ఎండంతా కుడి కిటికీల మీదే. అటు కూర్చున్నవాళ్లు షట్టర్లు దించేసుకుంటారు, మిర్యాలగూడ రైసు మిల్లులు దాటేదాకా ఎత్తరు. కానీ విష్ణుపురం, పొందుగుల మధ్య కృష్ణ వచ్చేసరికి పొద్దు వాలితే ఆ కుడివైపువాళ్లదే అదృష్టం. మన హైదరాబాద్ మూసీ ఆ చుట్టుపక్కలే, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. గుంటూరు దాటి విజయవాడలోకి వచ్చేటప్పుడు మళ్లీ కృష్ణే, ఈసారి చీకట్లో.

గోదావరి నడిరాత్రి వస్తుంది. చూడ్డానికంటే వినడానికే ఎక్కువ. కొవ్వూరు దాటగానే చక్రాల చప్పుడు గుల్లబారుతుంది. ఆర్చి వంతెన అయితే 28 కమానులు, ఒక్కొక్కటీ నూరు మీటర్లకు కాస్త తక్కువ. కళ్లు మూసుకునే లెక్కపెట్టుకోవచ్చు. దాని మీద 1997లో బళ్లు తిరగడం మొదలయ్యాక, 1900 నుంచి మోసిన పాత హేవ్‌లాక్ వంతెనకు విశ్రాంతి దొరికింది. ఒకసారి నా ఎదుటి పెద్దావిడ నిద్రలోంచి లేచి, చెంగు ముడి విప్పి, ఊచల సందులోంచి రూపాయి బిళ్ల విసిరింది. అది ఇనుప దూలానికి ఠంగుమని తగిలింది. ఆవిడ మాత్రం నదికి చేరినట్టే దణ్ణం పెట్టుకుని పడుకుంది.

అసలు తిరకాసు విశాఖపట్నంలో ఉంది. విజయవాడ లైనూ విజయనగరం లైనూ స్టేషన్‌లోకి ఒకే కొస నుంచి వస్తాయి. కాబట్టి ఇంజను విప్పి వెనక్కి తగిలిస్తారు, బండి వచ్చినవైపే బయటికి వెళ్తుంది. తెల్లవారుజామున ఒక చిన్న కుదుపు, అంతే. సైడ్ బెర్తులో తల ముందుకు పెట్టి పడుకున్నవాడు అక్కణ్ణుంచి కాళ్లు ముందుకు పెట్టి ప్రయాణం చేస్తాడు. కుడి కిటికీ ఎడమదవుతుంది, ఎడమది కుడిదవుతుంది.

ఈ సంగతి తెలియక మొదటిసారి దెబ్బతిన్నాను. చిలికా సరస్సు కుడివైపని ఎవరో చెబితే సికింద్రాబాద్‌లోనే ఏరికోరి కుడి కిటికీ పట్టి, ఎండంతా భరించాను. పొద్దున లేచి చూస్తే నాగావళి, వంశధార దాటిపోయాయి. పలాస జీడితోటల వెనక మహేంద్రగిరి కొండలు నా కిటికీలో ఉన్నాయి. బాగానే ఉన్నాయిగానీ నీళ్లేవి? నా మొహం చూసి అటుపక్క కూర్చున్న పలాస పెద్దాయన నవ్వాడు.

"సిలక ఇటేపుంటది బావూ, ఇలగొచ్చి కూకో."

బరంపురం తర్వాత ఋషికుల్య, గంజాం, ఆ తర్వాత రంభ. అక్కణ్ణుంచి కల్లికోట, బాలుగావ్ మీదుగా కాసేపు ఎడమన కొండలు, కుడిన నీళ్లు, నడుమ పట్టాలకు దొరికినంత జాగా. వానాకాలంలో 1,100 చదరపు కిలోమీటర్లు దాటి పరుచుకునే ఉప్పుకయ్య అది. 1981లో మన దేశం నుంచి రామ్సర్ చిత్తడి నేలల జాబితాకెక్కిన మొదటి రెండింటిలో ఒకటి. పొద్దుటెండ నేరుగా కళ్లలో కొడుతుంది కనక మొదట తగరపు రేకులాంటి తెలుపు తప్ప ఏమీ కనిపించదు. కళ్లు సర్దుకున్నాక నీళ్లలో పాతిన వెదుళ్లు, వాటికి కట్టిన వలలు, ఒక్కో వెదురు మీద ఒక్కో కొంగ. పెద్దాయన తన చోటు నాకిచ్చి, నా బెర్తు మీద కూర్చుని కొండలవైపు చూస్తూ చుట్ట నలుపుకున్నాడు. ఆయనకు సరస్సు కొత్త కాదు మరి.

తర్వాతి దారి గబగబా అయిపోతుంది. కటక్ దగ్గర మహానది, బెంగాల్లో రూపనారాయణ్, సాయంత్రానికి హౌరా.

కనక ఎక్కేటప్పుడు ఎడమ కిటికీ దొరికితే వదలకండి. కృష్ణ మీది సూర్యాస్తమయం పోతుంది, పోనివ్వండి. బరంపురంలో టీ తాగేసి, గంజాం దాటేసరికి కిటికీ దగ్గరుండండి.