గోరంత చిప్పులో 2,300 ట్రాన్సిస్టర్లు

శాంటా క్లారాలోని ఇంటెల్ మ్యూజియంకి టికెట్ లేదు. ఆ మాట వినగానే నాన్న చెప్పులేసుకున్నాడు. తెనాలిలో ముప్ఫై ఏళ్లు రేడియోలు, టీవీలు బాగుచేసిన మనిషి. గోల్డెన్ గేట్ బ్రిడ్జి చూపిస్తే "బాగుందిరా" అని ఊరుకున్నాడు. ఇక్కడ మాత్రం కళ్లజోడు తుడుచుకుని మరీ లోపలికొచ్చాడు.

1968లో కంపెనీ పెట్టిన ఇద్దరిలో ఒకరు రాబర్ట్ నాయిస్. మ్యూజియం ఉన్న బిల్డింగుకి ఆయన పేరే. ఇసుకలోంచి సిలికాన్ తీసి, దిమ్మగా చేసి, పల్చటి బిళ్లలుగా కోసి, వాటి మీద చిప్పులు ఎలా వేస్తారో చూపిస్తారు. ఒక్క దుమ్ము కణం చాలు చిప్పు పాడవడానికి. అందుకే తయారుచేసేచోట అందరూ తల నుంచి కాళ్ల దాకా తెల్ల సూట్లలో ఉంటారు. ఆ సూటు మనిషిని కాపాడ్డానికి కాదు, మనిషి నుంచి రాలే దుమ్ము చిప్పు మీద పడకుండా!

నాన్న ఆగిపోయింది 4004 దగ్గర. 1971 నాటిది. బిజికామ్ అనే జపాన్ కంపెనీ తన కాలిక్యులేటర్ల కోసం ఒక్కో పనికీ ఒక్కో చిప్పు అడిగింది. ప్రోగ్రామ్ మార్చి ఏ పనైనా చేయించుకునే ప్రాసెసర్ ఒకటి చేద్దామన్నారు ఇంటెల్ ఇంజినీర్లు. (నేనేమో బీటెక్‌లో 8086 కిట్ మీద హెక్స్ కోడ్‌లు బట్టీపట్టి ల్యాబ్ గట్టెక్కిన బాపతు.)

"2,300 ట్రాన్సిస్టర్లున్నాయి నాన్నా ఇందులో."

"ఈ గోరంత దాంట్లోనా? మేం రేడియోనే ట్రాన్సిస్టర్ అనేవాళ్లం. విప్పితే ఆరో, ఏడో ఉండేవి. మరి వీటిల్లో ఒకటి పోతే ఎట్లా మారుస్తార్రా?"

"మార్చరు. చిప్పు మొత్తం పడేస్తారు."

కాసేపు అద్దంలోకే చూశాడు. "ఇవాళ బుధవారం కదా. ఆఫీసు లేదూ?"

మూడు వారాలుగా వర్క్ ఫ్రమ్ హోమ్ అని చెబుతున్నా. ల్యాప్‌టాప్ తెరిచి కూర్చునేది ఇంటర్వ్యూల కోసం. హెచ్1బీ మీద ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోడానికి 60 రోజులే.

"తీసేశారు నాన్నా."

"అనుకున్నాలే. ఫోన్ మోగితే బాల్కనీలోకి పోతున్నావు. ఇంకెన్ని రోజులుంది?"

"నలభై ఒకటి."

"అమ్మకి నేను చెప్తాలే" అన్నాడు. "ఆ తెల్లసూట్ల దగ్గర నన్నో ఫొటో తియ్యి."