పర్షియా రాణి ముద్ర, అచ్యుతాపురం అమ్మాయి సంతకం

అనకాపల్లి నుంచి మునగపాక మీదుగా అచ్యుతాపురం వెళ్లే బస్సెక్కితే దారికి రెండు వైపులా చెరకు తోటలు. బెల్లం వండే రోజుల్లో అయితే వాసనకే ఆకలేస్తుంది. జంక్షన్ దాటి పూడిమడక రోడ్డు పట్టేసరికి మాత్రం వేరే లోకం! సెజ్ గోడలు, గేట్లు, గేట్ల ముందు వరసగా బస్సులు. వెయ్యి ఎకరాల బ్రాండిక్స్ దుస్తుల నగరం ఇక్కడే ఉంది. షిఫ్టు వదిలే వేళకు చూడాలి. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో క్యారేజీ, జడలో ఇంత కనకాంబరం పెట్టుకుని చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలు వేలమంది ఒక్కసారి రోడ్డు మీదికొస్తారు.

ఆ గుంపును చూడగానే నాకు ప్రాచీన పర్షియా గుర్తొచ్చింది. నవ్వకండి, కారణముంది.

ఇరాన్‌లోని పెర్సెపోలిస్‌లో 1933-34 తవ్వకాల్లో వేలకొద్దీ మట్టి పలకలు దొరికాయి. క్రీ.పూ. 509-493 మధ్య, డేరియస్ చక్రవర్తి కాలంలో రాసిన చిల్లర లెక్కలవి. మన కిరాణా పద్దుల్లాంటివే అనుకోండి. ఎవరికెంత ధాన్యం ఇచ్చారు, ఎవరికెంత ద్రాక్షసారా కొలిచారు అని ఉంటుంది. అందులో ఆడ కూలీలు బోలెడంత మంది. బట్టల పని చేసే జట్లలో అయితే ఎక్కువమంది ఆడవాళ్లే. ఆ జట్టుకు పెద్దగా ఉండేదీ ఆడమనిషే. ఆమెకు నెలకు సుమారు 50 లీటర్ల ధాన్యం, సారా, మాంసం కొలిచేవారు. ఆ జట్టులో మగవాళ్లకు కూడా అంత కొలత లేదు! గ్రీకులు రాసిన కథల్లో పర్షియా ఆడవాళ్లంటే తెర చాటు మనుషులే. పద్దులు మాత్రం వేరే మాట చెబుతున్నాయి.

డేరియస్ భార్య ఇర్తష్‌దునకు సొంత భూములున్నాయి, సొంత ముద్ర ఉంది. ఆ ముద్ర వేసి పంపితే ఆవిడ కొట్టాల్లోంచి సరుకు కదిలేది. మొగుడి సంతకం అక్కర్లేదన్నమాట.

అలాగని అంతా బంగారం కాదు. పురుడు పోసుకున్న కూలీ తల్లికి అదనంగా ధాన్యం ఇచ్చేవారు, బాగానే ఉంది. కానీ మగపిల్లాడైతే 20 కొలతలు, ఆడపిల్లయితే 10. బాలింత ఆకలికి ఆ తేడా తెలుస్తుందా? మన దేశంలో 2017 నుంచి మొదటి ఇద్దరు బిడ్డలకూ 26 వారాలు జీతంతో సెలవు. పుట్టింది ఎవరని అడగరు. ఆ ఒక్క విషయంలో మనం నయం.

తర్వాత వెయ్యేళ్లకు సాసానీయుల ధర్మశాస్త్రంలో పెళ్లికాని కూతురికి కొడుకు వాటాలో సగమన్నారు. మనవైపు 13వ శతాబ్దంలో కేతన తెలుగు చేసిన మితాక్షర పద్ధతిలో ఉమ్మడి ఆస్తి మీద పుట్టుకతోనే హక్కు కొడుకుది. కూతురికి పెళ్లి ఖర్చూ, స్త్రీధనమూ. ఆ పద్ధతే మొన్న మొన్నటి దాకా నడిచింది.

గేటు ఎదురుగా టీ కొట్టు నడిపే ఆవిడతో మాట కలిపాను. "మా పొలం సెజ్జులో పోయిందమ్మా. పట్టా ఆయన పేరునే ఉంది, డబ్బూ ఆయన పేరునే వచ్చింది, ఆయనే కరుసెట్టీసినాడు" అంది, గ్లాసులు కడుగుతూనే.

పక్కన టీ తాగుతున్న అమ్మాయి ఫ్యాక్టరీలో కుట్టు మిషను మీద పనిచేస్తోంది. వచ్చే నెల పెళ్లి. ఈలోగా హక్కు విడుదల కాగితం మీద సంతకం పెట్టమని ఇంట్లో అడుగుతున్నారట. చదివావా అన్నాను.

"సదవడానికేటుంది మేడం, అన్నయ్య పెట్టమన్నకాడ పెట్టీడమే. రేపు పురిటికి పుట్టింటికే కదా ఎల్లాలి!"

ఆ మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేదు. పుట్టింటి గడప ఖరీదు ఏ చట్టంలోనూ రాసి ఉండదు కదా. తెలిసినంత చెప్పాను. మన రాష్ట్రంలో ఎన్.టి.ఆర్. ప్రభుత్వ కాలంలో 1985 సెప్టెంబరు 5 నుంచి అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా వచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా, పెళ్లయినా కాకపోయినా, హిందూ కూతుళ్లందరికీ ఆ హక్కుంది. అప్పటికి తండ్రి బతికి లేకపోయినా హక్కు ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు పంపకాలు అయిపోయిన ఆస్తికి మాత్రం ఇది వర్తించదు. తండ్రి స్వయంగా సంపాదించినదైతే ఆయన ఇష్టం, వీలునామా రాసి ఎవరికైనా ఇచ్చుకోవచ్చు.

విడుదల కాగితం ఒకసారి రిజిస్టరయితే వెనక్కి తీసుకోవడం చాలా కష్టమనీ, ముందు ఆ పొలం తాతల నాటిదా, నాన్న కొన్నదా కనుక్కోమనీ చెప్పాను.

"తాతదే" అంది వెంటనే. కాసేపు గ్లాసు చేతిలో తిప్పుతూ ఊరుకుంది. "ఆ కాయితం ఓ జెరాక్సు తీయించమంటాను. సదివాక సూస్తాను."

వాళ్ల ఊరి బస్సు హారను కొట్టింది. టీ డబ్బులు కొట్టు మీద పెట్టి పరుగెత్తింది.